తోడు నీళ్ళు

కొత్తగా కొన్న ఆరు డిస్కస్ చేపలూ మా ఇంటికొచ్చిన మూడో రోజుకల్లా నల్లబడిపోయాయి. ట్యాంకులో ఒక మూలకి చేరి, మూతులు అద్దానికి ఆనించి, రెక్కలు ముడుచుకుని నిలబడ్డాయి. ఒకదానికి ఒక పక్క మొప్ప ఆడుతోంది, రెండో పక్కది ఆడటం లేదు. ఇంకోదాని వెనక తెల్లటి దారంలాంటి మలం వేలాడుతోంది. మేతగా ఎర్ర పురుగులు వేస్తే కన్నెత్తి చూడలేదు.

డిస్కస్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. టిఫిను ప్లేటంత గుండ్రంగా, పలచగా, ఒంటి నిండా ఎరుపూ నీలమూ గీతలతో ఉంటుంది. చూడటానికి ఎంత అందమో పెంచేవాళ్ళని ఏడిపించడంలో అంత ఘటం. నీళ్ళలో రవ్వంత తేడా వస్తే చాలు, అలకపాన్పు ఎక్కిన అల్లుడైపోతుంది. తిండి మానేస్తుంది, రంగు మానేస్తుంది, చివరికి బతకడమూ మానేస్తుంది. వీటితో పదేళ్ళుగా కాపురం చేస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఆ పొద్దున్న కుడిచేతికి తొడుగు వేసుకుని ఆ ట్యాంకులో మోచేతి దాకా ముంచాను. మంట లేదు, దురద లేదు, వేళ్ళ సందున చురుకు లేదు. పరుపు మీద చెయ్యి పెట్టినంత హాయిగా ఉంది. చెయ్యి తీసి తుడుచుకుంటూ, నీళ్ళు బంగారంలా ఉన్నాయి, చేపలే రోగిష్టివి, అమ్మినవాడు నా నెత్తిన రుద్దాడు అని ఇల్లంతా వినపడేట్టు అన్నాను. నేను నోరున్న మనిషిని. పైగా నా చెయ్యి అబద్ధం చెప్పదని కాకినాడ నుంచి తుని దాకా చేపలు పెంచే ప్రతివాడికీ తెలుసు.

నా పేరు మంగతాయారు. మా ఆయన పోతూ నాకు వదిలిపెట్టింది ఒక కొడుకునీ, వెనక గదినిండా అద్దాల ట్యాంకుల్నీ. ఆయన పోయిన కొత్తలో ఏ పుస్తకమూ చదవకుండా, నీళ్ళలో చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఈ విద్య నేర్చుకున్నాను. చేతికి జిడ్డు తగిలితే ఒకటి, వేళ్ళ చివర్లు పొడిబారితే ఒకటి, గోటి కింద చురుక్కుమంటే ఒకటి. అందరికీ మందుల సీసాలు కావాలి, తాయారమ్మకి చెయ్యి చాలు అనేవారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం బాగా సహించేది.

నా చేతిని చూసే మా మరిది చలపతికి ఈ తొడుగు ఆలోచన వచ్చింది. చలపతి చేపల పరిశోధనశాలలో పని చేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద గదిలో ఉంటాడు, నా చేతి వంట తింటాడు, తొమ్మిదేళ్ళుగా ఒకే ఒక్క విషయం మాట్లాడతాడు. డిస్కస్ పిల్లలు పుట్టగానే వేరే ఏదీ తినవు. తల్లీ తండ్రీ ఒంటి మీద జిగురు ఊరుతుంది, అదే వాటికి చనుబాలు. ఆ జిగురు ఊరే చర్మానికి నీళ్ళలో ఏం జరుగుతోందో అణువణువూ తెలుస్తుందట. ఆ చర్మాన్ని గాజుపళ్ళెంలో పెంచి, పలచటి వలగుడ్డ మీద పరిచి, చేతికి తొడుగులా కుట్టాడు. అది ప్రాణమున్న తొడుగు. గట్టు మీద గంటసేపు పెడితే చచ్చిపోతుంది. దాన్ని వేసుకుని నీళ్ళలో చెయ్యి పెడితే, చేపకి ఎక్కడ ఏం నొప్పో మన చేతికి తెలుస్తుంది.

మొదటిసారి వేసుకున్నప్పుడు చలపతి పరిశోధనశాలలో పదకొండు తొట్లు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో తేడా దాచిపెట్టాడు. అమ్మోనియా ఉన్న నీళ్ళలో పచ్చిమిరపకాయలు కోసిన చేతిలా మండింది. మొప్పల పురుగున్న తొట్టిలో వేళ్ళ సందులు ఒకటే దురద. వేడి తగ్గిన నీళ్ళలో జ్వరం వచ్చే ముందు ఒళ్ళు జలదరించినట్టయింది. పది తొట్లు సరిగ్గా చెప్పాను. పదకొండోదానిలో చెయ్యి పెట్టి, ఇందులో ఏమీ లేదు, నన్ను పరీక్ష చేస్తున్నావా అని కోప్పడ్డాను. చలపతి కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. నిజంగానే అందులో ఏమీ కలపలేదు.

అప్పటి నుంచి రెండేళ్ళు ఆ తొడుగు నా చేతిదే. చలపతి తరవాత ఎన్ని తొడుగులు చేసినా వాటికి నా తొడుగే మూలం. కొత్త తొడుగు చర్మానికి మంచి నీళ్ళేవో చెడ్డ నీళ్ళేవో తెలియదు, దానికి నేర్పాలి. నేర్పడానికి ఒకటే దారి. నా తొడుగు నుంచి గోరంత ముక్క తీసి, కొత్తదానితో కలిపి ఒక గిన్నెలో నానబెట్టాలి. పాలకి తోడు వేసినట్టు. తెల్లారేసరికి కొత్తది కూడా నాదానిలాగే తయారవుతుంది. అలా చేపలు పెంచే ఏడుగురు ఆడవాళ్ళకి తొడుగులిచ్చి, నా చేత శిక్షణ ఇప్పించాడు.

మరి నా తొడుగు ఎక్కడ దాచేదాన్ని? మా దొరవారి ట్యాంకులో. దొరవారూ దొరసానీ అని మా ఆయన ఆఖరిసారి కొన్న జంట అది. పదేళ్ళ చేపలు. ఇంటికి ఏ కొత్త చేప వచ్చినా ఆ జంట నీళ్ళే సగం పోసి, మిగతా సగం కొత్త నీళ్ళు కలిపి, అందులో వదలడం మా ఇంటి పద్ధతి. తోడు నీళ్ళు అంటాం. పెద్దవాళ్ళ చెయ్యి పడితే పిల్లలు నిలబడతారన్న నమ్మకం లాంటిదే అది. ఇన్నేళ్ళలో ఏనాడూ వమ్ము కాలేదు.

తొడుగు వచ్చాక నేను నీళ్ళు పరీక్షించే చుక్కల మందు సీసాలు అటకెక్కించాను. వారానికి రెండుసార్లు దొరవారి నీళ్ళు మార్చేదాన్ని. చెయ్యి పెడితే బాగున్నాయని తొడుగు చెబుతుంటే ఇంక మార్చడం దేనికని ఒకసారికి తగ్గించాను. తరవాత పదిహేను రోజులకి ఒకసారి. తరవాత గుర్తొచ్చినప్పుడు.

కొత్త చేపలు వచ్చిన వారమే మా కోడలు ప్రత్యూష కూడా పుట్టింటి నుంచి వచ్చింది. ఏడో నెలలో పురిటికి వెళ్ళిన పిల్ల, అయిదో నెల పాపని ఎత్తుకుని ఇంటికి చేరింది. మా అబ్బాయి శ్రీహరి ఓడరేవులో క్రేను నడుపుతాడు. వాడు సామాను దింపి వెంటనే డ్యూటీకి పోయాడు. ప్రత్యూష వెనక గదిలోకి వచ్చీ రాగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

పులిసిన వాసన వస్తోందండి అంది. నాకు చర్రున మండింది. ఎనిమిది నెలలు పుట్టింట్లో ఉండొచ్చేసరికి మా ఇల్లు కంపు కొడుతోందా, పుట్టింటి ముక్కు తగిలించుకొచ్చావా అన్నాను. ఆ పిల్ల పాపని భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ గదిలో పొద్దస్తమానం ఉండే నాకు రాని వాసన దీనికెక్కడ వచ్చిందని నాలో నేను గొణుక్కున్నాను.

పాపకి లాల పోయడం నా హక్కు. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, చివర్లో దిష్టి తీసి సాంబ్రాణి వేస్తే గానీ నాకు తోచదు. శ్రీహరికి పోశాను, మా ఆడపడుచు పిల్లలిద్దరికీ పోశాను. మొదటి రోజు పోస్తుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది. తుడిచాక చూస్తే వీపంతా ఎర్రగా కందిపోయి ఉంది. నా కాళ్ళకీ కాస్త చురుక్కుమంది గానీ, చేతికి సరిపోయాయి కదా అనుకున్నాను. మీ అమ్మగారు చన్నీళ్ళు అలవాటు చేసినట్టున్నారు, అందుకే ఇంత సుకుమారం అన్నాను. రెండో రోజూ అదే ఏడుపు. మూడో రోజు నన్ను చూడగానే ఏడుపు అందుకుంది. ప్రత్యూష తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటూ చూసేది.

అటు చేపలకి నాకు తెలిసిన వైద్యమంతా చేస్తున్నాను. పురుగు మందు వేశాను, ఉప్పు వేశాను, నీళ్ళ వేడి పెంచాను. రోజుకి మూడుసార్లు చెయ్యి ముంచి, నీళ్ళు బాగున్నాయని నిర్ధారణ చేసుకుని, మళ్ళీ చేపల్నే తిట్టాను. అయిదో రోజు పొద్దున్నకి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. నాకు పట్టరాని కోపం వచ్చింది. రెండు రోజుల్లో చలపతి తన తొడుగుల్ని పై అధికారుల ముందు ప్రదర్శించాలి. విదేశాల నుంచి వచ్చే చేపల్ని పరీక్షించే కేంద్రాలకి పంపడానికి నలభై తొడుగులు తోడు వేసి సిద్ధంగా ఉన్నాయి. అక్కడ ముందు చెయ్యి ముంచాల్సినదాన్ని నేను. ఇంట్లో ఆరు చేపల్ని నిలబెట్టలేనిదాన్ని అక్కడ ఏ మొహం పెట్టుకుని నిలబడతాను?

ఆ కోపంతోనే పీట వేసుకుని కూర్చున్నాను. పాపకి నూనె రాశాను. బకెట్లో వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తొలిపి, కుడిచెయ్యి పెట్టి చూసి, సరిపోయాయనుకుని చెంబు ముంచాను. చెంబు ఎత్తబోతుంటే ప్రత్యూష వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆగండి అత్తయ్యగారూ. నీళ్ళు మరిగిపోతున్నాయి."

పెళ్ళయి రెండేళ్ళలో ఆ పిల్ల నాకు అడ్డం రావడం అదే మొదలు. వదులు అన్నాను. వదల్లేదు. ఎంతమంది పిల్లలకి లాల పోసిన చెయ్యి ఇది, నిన్నగాక మొన్న తల్లివైనదానివి నువ్వు నాకు నేర్పుతావా అన్నాను. ఆ పిల్ల తన మోచెయ్యి బకెట్లో పెట్టింది. పెట్టిన క్షణంలోనే అబ్బా అని లాక్కుంది. మోచెయ్యి నా కళ్ళ ముందే ఎర్రగా పొంగింది.

నేను మళ్ళీ నా కుడిచెయ్యి పెట్టాను. నాకు నీళ్ళు తగిలాయి. అంతే. వేడీ తెలియలేదు, చలవా తెలియలేదు.

"మీ చెయ్యి ఓసారి చూస్కోండి," అంది ప్రత్యూష.

చూసుకున్నాను. అరచేతి పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ. పొద్దున్న ఉప్మా మూకుడు దింపినప్పటిది కాబోలు. నాకు తెలియనే లేదు. నూనె పూసుకుని కాళ్ళ మీద బోర్లా పడుకున్న పాప కాలి వేళ్ళు ఆడిస్తోంది. ఇంకొక్క క్షణంలో ఆ వీపు మీద ఏం పోసేదాన్నో తలుచుకుని చెంబు దూరంగా పెట్టేశాను. పాపని తీసుకోమన్నాను.

కాసేపటికి, ఎప్పటి నుంచి చూస్తున్నావని అడిగాను. వచ్చిన రోజు నుంచీ అంది. పొయ్యి మీది కాఫీ గిన్నె గుడ్డ లేకుండా దింపడం చూసిందట.

"మరి చెప్పవేం?"

"చెప్దావనే అనుకున్నానండి. వాసనొస్తోందంటేనే పుట్టింటి ముక్కన్నారు కదండీ. పాప ఏడిస్తే మా అమ్మ అలవాటన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళం ఏం చెప్పినా మా తప్పే అవుతుందని ఊరుకున్నానండి. ఇవాళ మాత్రం ఊరుకోలేకపోయాను."

నోరున్న మనిషిని అని చెప్పానే, ఆ నోరు ఆ పూట పనిచేయలేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. ఎందుకంటే ఆ పిల్ల మాట్లాడుతుండగానే నాకు వెనక గదిలో నల్లబడ్డ చేపలు గుర్తొచ్చాయి. అవి కూడా వచ్చిన రోజు నుంచీ అదే చెబుతున్నాయి. నేనే వాటిని రోగిష్టివన్నాను.

అటక మీంచి చుక్కల మందు సీసాలు దింపించాను. దొరవారి ట్యాంకులోంచి గాజు గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలు వేశాను. రంగులు పోల్చడానికి ప్రత్యూషని పిలిచాను, నా మీద నాకే నమ్మకం పోయింది మరి. పులుపు చూసే గొట్టం రంగుల అట్ట మీది ఆఖరి గడి కంటే పసుపుపచ్చగా తేలింది. నైట్రేటు గొట్టం కుంకుమ కలిపినట్టు ఎర్రబడింది. అమ్మోనియా గొట్టం ముదురాకుపచ్చ అయింది. ఆ నీళ్ళలో ఏ చేపా బతక్కూడదు. దొరవారూ దొరసానీ మాత్రం అందులో నిమ్మళంగా తిరుగుతూ నా వేళ్ళకేసి మూతులు చాపుతున్నాయి.

అప్పుడు అర్థమైంది. నీళ్ళు ఒక్కరోజులో చెడలేదు. రోజుకి రవ్వంత చొప్పున చెడ్డాయి. రవ్వంత చొప్పున ఆ జంట అలవాటు పడింది. ఆ నీళ్ళలోనే నానే తొడుగూ అలవాటు పడింది. దానికి ఆ విషమే మంచి నీళ్ళయింది. పులుపులో అమ్మోనియా నిద్రపోతుంది, చేపని పెద్దగా బాధపెట్టదు. నేను తోడు నీళ్ళు సగం పోసి కొత్త నీళ్ళు సగం కలిపేసరికి పులుపు విరిగి నిద్రపోయేది లేచింది. పాపం, అయిదు రోజులు ఆ ఆరు చేపలు మంటలో నిలబడ్డాయి. నేను తొడుగున్న చెయ్యి ముంచి, హాయిగా ఉంది కదా అన్నాను.

మిగిలిన నాలుగు చేపల్నీ నిలవ ఉంచిన మంచి నీళ్ళ తొట్టిలోకి మార్చాం. వేడి సరిపోయిందో లేదో ప్రత్యూష థర్మామీటరుతో ఒకసారీ మోచేత్తో ఒకసారీ చూసింది. సాయంత్రానికి ఒకటి రెక్క విప్పింది. దాని నలుపు పక్కల నుంచి తగ్గుతూ నీలం గీత కనపడింది. ప్రత్యూష సంతోషం పట్టలేక బకెట్టు తీసుకుని దొరవారి ట్యాంకు కూడా ఖాళీ చేసేద్దామంది. వద్దని ఆపాను. ఇన్నాళ్ళు విషంలో బతికినవాటికి ఒక్కసారిగా మంచి నీళ్ళు పోస్తే ఆ మంచే చంపుతుంది. రెండు గంటలకొక చెంబు తీసి, ఒక చెంబు పొయ్యాలి. అలా నలభై రోజులు పడుతుందన్నాను.

చలపతికి ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అన్నం వడ్డిస్తుంటే వాడు ప్రదర్శన గురించి మాట్లాడుతున్నాడు. ఏడుగురు ఆడవాళ్ళూ అరవై తొట్లు పరీక్షించారట, ఏడుగురి చేతులూ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాయట. ఇంతకంటే రుజువేం కావాలి వదినా అన్నాడు. తొమ్మిదేళ్ళలో వాడి మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు. చూస్తూ చూస్తూ ఆ దీపం ఎలా ఆర్పను? నిజం చెప్పాలంటే వాడి కోసమే కాదు, నా కోసం కూడా నోరు మూసుకున్నాను. నా చెయ్యి తప్పని ఒప్పుకుంటే తాయారమ్మ దగ్గర ఇంకేం మిగులుతుంది?

కానీ నిద్ర పట్టలేదు. ఏడుగురి చేతులూ ఒకటే జవాబు చెప్పాయన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. చెప్పక ఏం చేస్తాయి, ఏడింటికీ తోడు నాదే. ఆ ఏడుగురిలో సామర్లకోట నూకరత్నానికి పదకొండు నెలల బాబు ఉన్నాడు.

తెల్లవారి టిఫిను కూడా పెట్టకుండా చలపతి వెంట పరిశోధనశాలకి వెళ్ళాను. నలభై తొడుగులు నలభై గిన్నెల్లో నానుతున్నాయి. రెండు గాజు గ్లాసులు తెమ్మని, ఒకదాంట్లో ఫ్రిజ్జు నీళ్ళు, ఒకదాంట్లో కాఫీ తాగేంత వేడి నీళ్ళు పోయమన్నాను. కళ్ళకి నా కొంగు కట్టుకుని, కుడిచెయ్యి చాపి, ఏది ఏదో తెలియకుండా వేళ్ళు ముంచమన్నాను. చలపతి నవ్వుతూనే ముంచాడు. తెలియలేదన్నాను. రెండోది ముంచాడు. తెలియలేదన్నాను. కొంగు విప్పి చూస్తే నా వేళ్ళు వేడి గ్లాసులో ఉన్నాయి, వాడి నవ్వు పోయింది.

అప్పుడు చేపల సంగతి, పాప సంగతి, చుక్కల మందు రంగుల సంగతి అన్నీ చెప్పాను. చలపతి మొదట శాస్త్రం మాట్లాడాడు. తొడుగు గట్టిగా మాట్లాడుతుంటే కింద చర్మం మాట్లాడటం మానేసి ఉంటుందన్నాడు, నరాలు అలా చేస్తాయన్నాడు. తొడుగుల్ని వేరే మంచి నీళ్ళలో మళ్ళీ తోడు వేస్తే సరిపోతుందన్నాడు. ప్రదర్శన అయ్యాక మెల్లగా సరిచేద్దాం, ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎవరూ ఈ తలుపు తియ్యరు అన్నాడు. ఆ చివరి మాట నా మొహం చూడకుండా అన్నాడు.

"చలపతీ, నిన్న నేను పాప వీపు మీద మరిగే నీళ్ళు పోయబోయాను. నా కోడలు చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నూకరత్నం చెయ్యి పట్టుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారో లేదో నీకు తెలుసా?"

వాడు నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని బొబ్బ చుట్టూ వేలితో తడిమాడు. నాకు తెలియడం లేదని వాడికి తెలుసు. అయినా తడిమాడు.

"అన్నయ్య నిన్ను నాకప్పగించి పోయాడు వదినా. నేను నీ చెయ్యి తీసేసుకున్నాను," అన్నాడు. వాడు ఏడవడం మా ఆయన పోయిన రోజు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను. నేనూ ఏడ్చాను.

చుక్కల సీసాలు అటకెక్కించింది నేనైతే, తన యంత్రాలకి గుడ్డ కప్పింది వాడు. వదిన చెయ్యి ఉండగా యంత్రమెందుకన్నాడు. ఇద్దరం ఒకరినొకరు నమ్ముకుని కొలవడం మానేశాం. ఏదైనా తప్పుందంటే అదే తప్పు. మధ్యాహ్నానికల్లా వాడు ప్రదర్శన రద్దు చేశాడు. నలభై గిన్నెల్లో నీళ్ళూ తన చేత్తోనే పారబోశాడు. పైవాళ్ళు ఏమన్నారో నాతో చెప్పలేదు. నెల తిరక్కుండా పరిశోధనశాలలో వాడి గది ఇంకెవరికో ఇచ్చారు. ఇప్పుడు వాడు పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు.

ఏడుగురి ఇళ్ళకీ ఇద్దరం కలిసే వెళ్ళాం. రెండు గ్లాసులూ సంచిలో పెట్టుకుని వెళ్ళాం. ముగ్గురికి వేళ్ళ చివర్లు తెలియడం లేదు. ఆ ముగ్గురిలో నూకరత్నం ఒకతె. బాబుకి నీళ్ళెవరు పోస్తారని అడిగాను. తనకి తీరికెక్కడ, వాళ్ళత్తగారే పోస్తుందని చెప్పింది. అది విని వాళ్ళ అరుగు మీదే కూర్చుండిపోయాను. నూకరత్నం కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తొడుగు ఒక్కసారిగా తీసేస్తే చర్మం మళ్ళీ మాట్లాడుతుందో, అలాగే మూగదైపోతుందో చలపతికీ తెలియదు. అందుకని దొరవారి నీళ్ళు మార్చినట్టే చేశాం. ఇవాళ ఇంతసేపు, రేపు దానికంటే కాస్త తక్కువ. ఆ ముగ్గురికీ నాకూ అదే వైద్యం. తీసేసిన వేళల్లో చేతికి ఇసక, బియ్యం, మంచు గడ్డ, వేడి గుడ్డ తగిలిస్తూ ఉండమన్నాడు. పొద్దున్నే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూర్చుంటే ప్రత్యూష నవ్వేది. నవ్వనిచ్చాను.

పదకొండో రోజున దొరవారు పోయారు. చెంబు చెంబుగా మార్చినా ఆయన తట్టుకోలేకపోయారు. మా ఆయన పోయిన పదేళ్ళకి మళ్ళీ పోయినట్టనిపించింది. పెరట్లో మందార మొదట్లో పాతిపెట్టాను. దొరసాని నిలబడింది. నలభయ్యో రోజుకి దాని ట్యాంకులో నీళ్ళు పూర్తిగా మారాయి. కొత్త చేపలు నాలుగూ ఇప్పుడు ఎర్రగా, నీలంగా, పొగరుగా తిరుగుతున్నాయి. ఇంటికి ఏ కొత్త చేప వచ్చినా దాన్ని విడిగా మంచి నీళ్ళలో పెట్టి, దాని రంగు చూసి మా నీళ్ళ సంగతి తెలుసుకుంటున్నాం. తోడు నీళ్ళ పద్ధతి మానేశాం. చుక్కల మందు సీసాలు వంటింటి అలమరలో పోపులపెట్టె పక్కనే ఉన్నాయి.

నూకరత్నానికీ మిగతా ఇద్దరికీ మూడు నెలల్లో చేతులు బాగయ్యాయి. వాళ్ళు వేసుకున్నది కొన్ని నెలలే. నాది రెండేళ్ళు. నాకు బొటనవేలు తిరిగొచ్చింది, చిటికెనవేలు కొంచెం వచ్చింది. మధ్య వేళ్ళు మూడూ ఇంకా రాలేదు. వస్తాయని చలపతి అంటాడు. రాకపోయినా చెయ్యగలిగిందేమీ లేదని నాకు తెలుసు.

లాల మాత్రం నేనే పోస్తున్నాను. ఆ హక్కు తీసుకోమని ప్రత్యూషతో నేనే అన్నాను, ఆ పిల్ల ఒప్పుకోలేదు. పీట వేసి, బకెట్టు తెచ్చి, తొలిపి, మోచెయ్యి ముంచి చూసి, "పొయ్యండత్తయ్యగారూ" అంటుంది. అన్నాకే చెంబు ఎత్తుతాను. పాప ఇప్పుడు ఏడవదు. నీళ్ళు పడగానే కేరింతలు కొట్టి నా చీరంతా తడిపేస్తుంది.

మొన్న సున్నిపిండి పెడుతుంటే పాప బోర్లా ఉన్నదల్లా తిరిగి నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుంది. చిన్న పిడికిలి, బుల్లి గోళ్ళు, వేలి చుట్టూ తెల్లగా బిగిసిన కణుపులు. పట్టుకుందని కళ్ళతో చూశాను. వేలికి ఏమీ తెలియలేదు. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయి, పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ప్రత్యూషని అడిగాను.

"గట్టిగా పట్టుకుందా?"

ఆ పిల్ల వంగి, పాప పిడికిలి మీద తన చెయ్యి వేసి చూసింది.

"గట్టిగానే పట్టుకుందండి," అంది.